పేరు రాయని రిపోర్టు

మహబూబ్ బాషాను మహానుభావుడని రాస్తే ఆయనే చించి పారేస్తాడు. ఆత్మకూరు అవతల పెద్దమిట్ట సబ్‌స్టేషన్‌లో లైన్ ఇన్‌స్పెక్టరు. ఎప్పుడు చూసినా అలిసిపోయి, సణుగుతూ ఉండేవాడు. సేవాభావం అనే మాట వింటే ఆవలింత వచ్చేది.

1984 మార్చిలో, వరి పాలు పోసుకునే రోజుల్లో, ఈదురుగాలికి అనంతసాగరం, చేజర్ల లైన్లు రెండూ పోయాయి. చేజర్ల లైను మీద లైన్‌మన్ అల్లావుద్దీన్ స్తంభమెక్కి ఉన్నాడు. అనంతసాగరం లైను ముందుగా తయారైంది. దాని స్విచ్చి వేయమని బాషా హెల్పరు ప్రేమానందానికి చెప్పాడు. యార్డులో రెండు లైన్ల స్విచ్చి పిడులూ పక్కపక్కనే, ఒకే రంగు, పేర్లు లేవు. ప్రేమానందం చేజర్లది వేశాడు.

కరెంటును భూమిలోకి దించేసే ఎర్తు గొలుసు తీగలకు తగిలించుకుని ఉండబట్టి అల్లావుద్దీన్ బతికాడు. ఆ దెబ్బకు సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మరు మాత్రం కాలిపోయింది.

ప్రేమానందం పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, తప్పు నాదే. చేజర్లది వేసినాను."

"ముందు పోయి తీసెయ్‌రా. ఏడుపు తరవాత."

మూడు రోజులు చీకటి. వాచ్‌మన్ కామయ్యను ఫోను దగ్గర కూర్చోబెట్టాడు బాషా. ఫోను చేసినవాళ్లకు, బాషా గంటకోసారి చెప్పే మాటే కామయ్య చెప్పాలి, సొంతంగా ముక్క కలపగూడదు. బాషా మాత్రం పనిముట్టు ముట్టలేదు. ఎవరు ఏ స్తంభం మీద ఉన్నారో కాగితం మీద రాసుకుంటూ నిలబడ్డాడు. రైతు ఆదినారాయణ రెడ్డికి ఒళ్లు మండింది.

"మోటార్లు ఆగి పైరు ఎండిపోతా ఉంటే కాగితాలు గీక్కుంటా ఉండావే! నువ్వూ ఎక్కరాదా?"

"నేనెక్కితే పైనోళ్లను చూసేదెవరు రెడ్డీ? నువ్వు చూస్తావా?"

కరెంటొచ్చాక ఇంజనీరు వచ్చాడు. తప్పు చేసినవాడి పేరు కావాలన్నాడు. ప్రేమానందం టెంపరరీ మనిషి. పేరెక్కితే మర్నాడు పనుండదు. బాషా ఇచ్చిన రిపోర్టులో పిడుల సంగతి ఉంది, పేరు లేదు.

"పేరేదయ్యా?"

"పేరు రాస్తే ఇంకోసారి ఎవడూ వచ్చి చెప్పడు సార్. ఏం జరిగిందో మనం వెతుక్కునే లోపల పైనోడు చస్తాడు."

"అయితే నీ పేరు రాస్తా."

"రాసుకోండి సార్. నిద్రొస్తా ఉండాది."

నెల తిరక్కుండా బాషాకు ఉదయగిరికి బదిలీ. బస్టాండులో ప్రేమానందం కాళ్ల మీద పడబోయాడు.

"ఆ వేషాలొద్దురా. పిడుల మీద పేర్లు రాసినారా?"

"పెయింటు ఇంకా శాంక్షన్ కాలేదన్నా."

బాషా ఉదయగిరి బస్సు వైపు చూశాడు. సీటు కూడా ఖాళీగా ఉంది. ఇంత విసుగు పుట్టించే దేశంలో ఎందుకు పుట్టానురా అని గొణుక్కుంటూ, ఎర్ర పెయింటు కొనడానికి అంగడి వైపు నడిచాడు.