ముప్పై మూడు అడుగుల దగ్గర ఆగిన నీళ్ళు

మీకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నారు. గాలికి బరువు ఉంటుందనీ, ఆ బరువు నీళ్ళను ఇంత ఎత్తుకే తోయగలదనీ బడిలో చదివారు. బొమ్మ గీసి ఐదు మార్కులు తెచ్చుకున్నారు. ఆ మార్కుల కాగితం చూపించి ఉద్యోగాల్లో చేరారు. చేతిపంపులో నీళ్ళు రావడం లేదని ఒక ఆడమనిషిని మంత్రగత్తెను చేసి కొట్టి తరిమినప్పుడు మాత్రం ఆ ఐదు మార్కుల జవాబు మీలో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. సగమైనా చెప్పిన మనిషి ఒకడుండేవాడు. మొన్న ఆయన చనిపోయాడు.

మా సైన్సు సారు. ఖమ్మంలో కూతురి ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, మళ్ళీ లేవలేదట. పాల్వంచ బస్టాండులో మా పాత బడి అటెండరు కనిపించి చెప్పాడు. "సారు పోయిండు, నీకెరుక లేదా? దినాలు గూడ అయిపాయె." షిఫ్టు దిగిన కార్మికులు బస్సు కోసం తోసుకుంటున్నారు. ఆ తోపులాట మధ్య నిలబడి నేను అడిగిన మొదటి మాటకు నాకే సిగ్గేసింది. "ఆమె సంగతి ఏమన్నా తెలిసిందా, పోయేలోపల?" అటెండరు తల అడ్డంగా ఊపాడు. ఎవరి సంగతి అని అడగలేదు. ఆ బడిలో పనిచేసినవాళ్ళెవరూ అడగరు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన నాలుగైదేళ్ళకు, దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక హైస్కూల్లో మేమిద్దరం పంతుళ్ళం. ఆయన సైన్సు, నేను సోషలు. ఆయనకు నలభై దాటాయి, నాకు ముప్పై నిండలేదు. బడి పక్కనున్న గూడెం పేరు రాయను. రాస్తే మీరు ఆ గూడాన్ని తిట్టుకుని మిమ్మల్ని మీరు వదిలేసుకుంటారు.

సారు పాఠం చెప్తుంటే నేను నా క్లాసు వదిలి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. పాలపొడి డబ్బాకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి చిల్లులు పొడిచి నీళ్ళు పోసేవాడు. అడుగు చిల్లులోంచి నీళ్ళు అన్నిటికంటే గట్టిగా చిమ్మేవి. "సూసిన్రా బిడ్డా, కిందున్న నీళ్ళ మీదనే బరువెక్కువ" అనేవాడు. నేను ఆ మాట ఎత్తుకుపోయి యూనియన్ మీటింగులో దోపిడీ గురించి వాడేసుకున్నాను. ఆయనకు తెలిసి పడీపడీ నవ్వాడు. "నీళ్ళను నొక్కితే అన్ని దిక్కులా నూకుతయ్ తమ్మీ. మనుషులను నొక్కితే తమ కిందోణ్ణే నూకుతరు. నీ ఉపన్యాసానికి నా డబ్బా పనికిరాదు, వాపసు ఇయ్యి." ఆ నవ్వే మనిషిని చూసినవాళ్ళం ఇప్పుడు ఎంతమందిమి మిగిలామో తెలియదు. తర్వాత ఆయన అలా నవ్వలేదు.

గూడేనికి ఉన్నది ఒకే చేతిపంపు. పైన తలలో తోలు వాషరు, దాని కింద బోరులోకి దిగిన ఇనుప గొట్టం. ఆ రకం పంపు పొద్దున్నే ఊరికే నీళ్ళివ్వదు. తోలు ఎండిపోయి ఉంటుంది. తలలో చెంబెడు నీళ్ళు పోసి కొడితేనే పట్టు దొరుకుతుంది. ఆ చెంబెడు నీళ్ళు ముందురోజే పట్టి దాచే పని పంపు పక్కింట్లో ఒంటరిగా ఉండే ఒక ఆమెది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఎవరూ అప్పగించలేదు, తనే పెట్టుకుంది. సారు ఆమెను అక్కా అని పిలిచేవాడు కనక మాకందరికీ అక్కే. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చేసరికి చెంబుతో సిద్ధంగా నిలబడేది. "ఆగున్రి, ముందుగాల దీని గొంతు తడవనియ్యిన్రి. మీ గొంతులేం ఎండవు, పొద్దుగాల్నుంచి ఒర్రుతనే ఉన్నరు గద!" అని అరిచేది. వరస తప్పి బిందె పెట్టినదాన్ని వదిలేది కాదు. ఆ నోటికి జడిసేవాళ్ళూ, పళ్ళు కొరికేవాళ్ళూ గూడెంలో తక్కువేమీ లేరు.

పొలిమేరలో ఒక ఆసామి మిరప తోట ఉండేది. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న మనిషి, బాగా చదువుకున్నవాడు. కరెంటు వచ్చిన మరుసటేడు పెద్ద బావి తవ్వించి, మోటరును గట్టు మీద పెట్టకుండా బావి లోపలికి, నీళ్ళకు దగ్గరగా దించి బిగించాడు. పైన పెడితే ఎండాకాలం నీళ్ళు అందవని ఆయనకు తెలుసు. ఇది గమనించండి. మా బడి షెడ్డు ఆయన వేయించిందే. బడి తొట్టిలోకి నీళ్ళు వచ్చేదీ ఆయన మోటరు నుంచే. ఈ చివరి రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ మోటరు దిగాక వచ్చిన మొదటి ఎండాకాలం గూడెం పంపు పట్టు వదిలేసింది. కొడితే గుర్రుమని గాలి మింగేది, అంతే. అక్క ఒక చెంబు పోసింది, రెండు పోసింది, దాచిన బిందె అంతా పోసింది. లోపలికి పోయిన నీళ్ళు లోపలికే పోయాయి. అందరూ చూశారు. పోసిన చెయ్యి ఆమెది, తాగిన పంపు ఊరిది. వారం తిరిగేసరికి మాట పుట్టింది. ఆమె ఏదో కలిపి పోసిందని, పంపును కట్టేసిందని. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో కనుక్కోవడానికి సారు ఇంటింటికీ తిరిగి, "నీకెవరు చెప్పిన్రు?" అని అడుగుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. ఆ జాడ గూడెంలో ఆగలేదు. మిరప కళ్ళంలో కూలివాళ్ళకు డబ్బులు పంచే చోట ఆగింది. "నే అనకూడదు గానీ, ఆవిడ చెయ్యి మంచిది కాదర్రా" అని ఎవరు అన్నారో ఆయనకు తెలిసింది. నాకూ చెప్పాడు.

రాయి కట్టిన తాడుకు మూరమూరకూ ముడి వేసి, పంపు తల విప్పించి, గొట్టం పక్కనుంచి బోరులోకి దించి కొలిచాడు. నీళ్ళు నలభై అడుగుల లోతు దాటి ఉన్నాయి. పంపు నీళ్ళను గుంజదు, గొట్టంలో గాలిని మాత్రం తీస్తుంది. బయటి గాలి తన బరువుతో నీళ్ళను లోపలికి నూకుతుంది. ఆ నూకుడుకు హద్దు ముప్పై మూడు అడుగులు. అరిగిన వాషరుతో పాతిక దాటితే గొప్ప. పంపు పనిముట్టును, అంటే వాషరు ఆడే భాగాన్ని, కిందికి, నీళ్ళ దగ్గరికి దించితే సరిపోతుంది. సారు ఆ సంగతి రాసుకుని పంపుల ఇంజనీరు దగ్గరికి పోయాడు. "నాకు తెలీదా మాస్టారూ? వచ్చే ఏడు ఎస్టిమేటులో పెడదాం" అన్నాడట ఆయన. ఆయనకూ తెలుసు.

అక్క మీద పంచాయితీ తాటిచెట్టు కింద జరిగింది. సారు ఒక తాపీమేస్త్రిని బతిమాలి, గోడల మట్టం చూసే తెల్ల ట్యూబు తెచ్చాడు. దాని నిండా ఎర్ర సిరా కలిపిన నీళ్ళు నింపి, ఒక కొస బక్కెట్లో ముంచి, రెండో కొస మడిచి బిగించి కల్లుగీసే అన్న నడుముకు కట్టాడు.

"సారూ, కిందికెల్లి గుంజకు. పడితే నీ నెత్తి మీదనే పడ్త" అన్నాడు అన్న, మోకు సర్దుకుంటూ.

"పడు, నీ బరువెంతనో గది గూడ చెప్త" అన్నాడు సారు. జనం నవ్వారు. అక్క కూడా నవ్వింది. పళ్ళు కనిపించేలా.

అన్న ఎక్కుతుంటే ఎర్ర నీళ్ళు ఆయనతో పాటే ఎక్కాయి. ముప్పై అడుగులు దాటాక ఆయన ఎక్కుతూనే ఉన్నాడు, నీళ్ళు ఆగిపోయాయి. "ఇంకో మూర పో అన్నా!" పోయాడు. ట్యూబు పైభాగంలో ఖాళీ పెరిగింది తప్ప నీళ్ళు ఒక్క వేలెడు కదలలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"సూసిన్రు గద. చెట్టు మీదికి అక్క పోలే, ఆమె చెంబు పోలే. గాలి సత్తువనే గంత" అన్నాడు సారు.

అక్కడ ఆగాల్సింది. నేను లేచాను. అరగంట మాట్లాడాను. మూఢులన్నాను, అడవిలో మగ్గుతున్నారన్నాను, ఇంకా చాలా అన్నాను. సారు నా చొక్కా గుంజి "ఇగ చాలు తమ్మీ" అన్నా వినలేదు. అప్పుడొక పెద్దమనిషి లేచాడు.

"తిట్టినవు పంతులూ, సరే. నేనొక్కటి అడుగుత. పోయినేడు గదే గాలి, గదే పంపు, ఎండలు గూడ గివే. పోయినేడు అందిన నీళ్ళు ఈ యేడు కిందికెందుకు దిగినయ్? ఊళ్ళె ఏం మారింది?"

అంతకంటే మంచి ప్రశ్న నేను ఏ కాలేజీలోనూ వినలేదు. జవాబు దూరంగా మిరప తోటలో చప్పుడు చేస్తూనే ఉంది. ఆసామి నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. సారు నా వైపు చూశాడు. నేను బడి షెడ్డు వైపు చూశాను.

"ఈసారి ఎండలు జర ఎక్కువున్నయ్ పెద్దాయనా" అన్నాడు సారు.

నాకు తెలిసి ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే. పెద్దమనిషి "గట్లనా" అని కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో అన్నారు: "నీళ్ళు కిందికి పోయినయని సారే చూపిచ్చిండు. తొక్కిందెవలో మనకు ఎరుకనే గద."

మూడో రోజు పొద్దున నలుగురు కలిసి పంపు దగ్గర ఆమెను పట్టుకున్నారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని వాళ్ళ నమ్మకం. రాయితో కొట్టారు. సారు చొక్కా గుండీలు పెట్టుకోకుండా పరుగెత్తేసరికి ఆమె లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడవి బాట పట్టిందన్నారు. ఆ బాటలో సాయంత్రం దాకా వెతికాం. మర్నాడూ వెతికాం.

ఆ నలుగురిలో ఒకడు మూడేళ్ళ కింద మా బళ్ళోనే పది పాసైనవాడు. సారు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "ఏరా, గాలి పీడనం పాఠం నీకు రాదా?" అని అడిగాడు.

"వస్తది సారూ. గది పరీక్షకు గద."

తిరిగి వస్తూ దారిలో సారు నాతో అన్నాడు: "వానికి ఐదుకు ఐదు ఏసింది నేనే తమ్మీ."

రెండో రోజు వెతికి వచ్చిన సాయంత్రమే మిరప తోటకు పోయి, కూలివాళ్ళందరి ముందు, ఆసామి మొహం మీదే అన్నాడు: నీళ్ళను తొక్కింది నీ మోటరు, మాట పుట్టించింది నువ్వు అని. మూడు రోజులు ఆలస్యంగా. "మాస్టారూ, పిల్లలు తాగే నీళ్ళు కూడా ఆ మోటరువేనండి" అన్నాడు ఆసామి, గొంతు పెంచకుండా. స్టేషన్లో కాగితం ఇస్తే సాక్షులు లేరన్నారు. నెల తిరగకముందే సారుకు పినపాక వైపు బదిలీ వచ్చింది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. అది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వానలు పడ్డాయి. బోరులో నీళ్ళు వాటంతటవే పైకి లేచాయి. ఒక పొద్దున ఎవరో చెంబెడు పోసి కొడితే పంపు ధార కట్టింది. గూడెం గూడెమంతా చేరింది. "ఆమె పోయింది, నీళ్ళొచ్చినయ్. ఇప్పుడేమంటవు సారూ?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. సారు కొలిచిన అంకెలు చెప్పాడు, వానల సంగతి చెప్పాడు, ఈసారి మోటరు సంగతీ చెప్పాడు. వింటూనే బిందెలు నింపుకున్నారు. ఒకావిడ ఆయనకు దోసిట్లోకి నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టలేదు.

తర్వాతి ఏళ్ళలో ఆయనతో బస్సెక్కిన ప్రతిసారీ ఇదే తంతు. ఆగిన ఊళ్ళో పంపు కనిపిస్తే దిగిపోయేవాడు, నాలుగుసార్లు కొట్టి చెవి పెట్టి వినేవాడు. కండక్టరు తిట్టేవాడు. గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, మీద అట్టముక్క పెట్టి తలకిందులు చేసే పాఠం రోజున పిల్లలను చప్పట్లు కొట్టనిచ్చేవాడు కాదు. భద్రాచలంలో జనం పోగయ్యే రోజుల్లో గోదావరి మెట్ల మీద కూర్చునేవాడు, దేవుడి దర్శనానికి మాత్రం పోయేవాడు కాదు. పళ్ళు లేని ఆడమనిషి ఎవరు కనిపించినా లేచి నిలబడేవాడు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళే. దగ్గరికి పోయి చూసి, దండం పెట్టి వెనక్కి వచ్చేవాడు.

పోయినేడు ఖమ్మంలో చివరిసారి కలిసినప్పుడు, మూఢనమ్మకాల మీద నేను రాసిన వ్యాసం ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "మంచిగ తిట్టినవు" అన్నాడు. కాగితాలు మడిచి నా చేతికిస్తూ మళ్ళీ అన్నాడు: "పాఠం చెప్తే పూరాగ చెప్పాలె తమ్మీ. గాలి పేరు చెప్పి మోటరు పేరు మింగితిమి. గా ఖాళీల జనం ఆమెను నింపిన్రు."

అందుకే ఇది సంతాపంగా ముగించను. ఆయన ఆఫీసులకు పెట్టుకున్న అర్జీలకు ఒక్క జవాబూ రాలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

1. చేతిపంపుల్లో నీళ్ళ లోతు మే నెలలో కొలవండి. ఆ అంకె పంపు మీదే రంగుతో రాయండి.

2. పాతిక అడుగుల కిందికి నీళ్ళు దిగిన ప్రతి చోటా పంపు పనిముట్టును లోపలికి దించండి. ఎస్టిమేటు తర్వాత రాసుకోండి.

3. తాగునీళ్ళ పంపు ఎండితే, పక్క మోటరు ఎవరిదైనా సరే, ముందు అది ఆపండి.

4. మంత్రగత్తె అని కొట్టిన కేసులో, ఆ మాట పుట్టించినవాడి పేరు మొదట రాయండి.

5. సైన్సు పంతుళ్ళూ, పీడనం పాఠంలో మీ ఊరి పంపు లోతు చెప్పండి. నీళ్ళు ఎవరి పొలంలోకి పోతున్నాయో కూడా చెప్పండి.

6. ఓటర్ల జాబితాలో ఆమె ఊరు విడిచి వెళ్ళిందని రాసి పేరు కొట్టేశారు. తరిమేశారని రాయండి.

7. ఆమెను వెతకండి. బతికి ఉంటే ఎక్కడుందో చెప్పండి. లేకపోతే, లేదని ఒక కాగితం మీద రాసివ్వండి.