గొలుసు వెనక టీచరమ్మ

పద్మారావు నగర్‌లో మా వెనక గల్లీ టీచరమ్మ తలుపు కొడితే, గొలుసు తియ్యకుండానే "ఎవరూ? ఒక్కరేనా?" అని అడిగేవారు. కూర గిన్నెతో నేను వెళ్లినా అదే ప్రశ్న. రిటైరయ్యాక ఆవిడ, మొగుడి దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లని వెనక గదిలో దాచి, కుట్టుపని నేర్పించి పంపేవారు. కాలనీలో ఆ సంగతి నాలాంటి ఇద్దరు ముగ్గురికే తెలుసు.

నగరంలో మంచి పనులు చేసేవాళ్లకిచ్చే అవార్డుకి ఆవిడ పేరు రాస్తానంటే, "వద్దు తల్లీ, నాకు ఫొటోలు గిట్టవు" అన్నారు. మొహమాటం అనుకున్నాను. ఆవిడకి చెప్పకుండా, వెనక గది సంగతి కూడా రాసి పంపాను.

అవార్డు వచ్చింది. ఆవిడ వెళ్లలేదు. కాలనీ సంఘం వాళ్లు మాత్రం గల్లీ మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద, మా పాప పుట్టినరోజున నేను తీసి అవార్డు వాళ్లకి పంపిన ఆవిడ ఫొటో, కింద "దిక్కులేని ఆడబిడ్డలకు నీడనిస్తున్న మా టీచరమ్మగారికి అభినందనలు" అని.

మర్నాడు పొద్దున పాలకి వెళ్తుంటే, ఒకతను దాని కింద బండి ఆపి చదువుతున్నాడు.

"అక్కా, ఈ టీచరమ్మ ఇల్లేడుందో జెర చెప్తవా? మా ఇంటామె ఈడనే ఉన్నదంట."

"ఆవిడ అల్వాల్ వెళ్లిపోయారు" అన్నాను. అతను నా మొహంలోకే చూశాడు గానీ, బండి కదిలించలేదు.

సందులన్నీ చుట్టి వెళ్లి తలుపు కొట్టాను.

"ఎవరూ? ఒక్కరేనా?"

ఎన్నేళ్లుగానో విన్న ప్రశ్న. జవాబు చెప్పే ముందు, మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.