బోరు నీళ్ళతో పెట్టిన సున్నా

ఆ రోజు క్యాన్‌లో బోరు నీళ్ళు పొయ్యమన్నది నేనే. అడిగినప్పుడు చెప్పలేదు.

తొంభైల్లో, మా వైపు వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో, సముద్రం దగ్గరి ఊళ్ళో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేశాను. రైతులు సోడా సీసాల్లో చెరువు నీళ్ళు తెచ్చేవారు. వాటిలో అమ్మోనియా ఎంతుందో చెప్పడం నా పని. అది ఎక్కువైతే చెరువు నీళ్ళు మార్చాలి, లేకపోతే రొయ్యలు చచ్చిపోతాయి. నీళ్ళలో మందు కలిపితే, ఉన్న అమ్మోనియాని బట్టి పసుపు రంగు తిరుగుతుంది. ఆ గొట్టాన్ని కలరీమీటర్‌లో పెడితే నీలం కాంతి దాని గుండా వెళుతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే అంత కాంతి లోపలే ఆగిపోతుంది. ఎంత ఆగిందో ముల్లు చూపిస్తుంది. అయితే ముందుగా డిస్టిల్డ్ వాటర్‌లో అదే మందు కలిపి, ఆ గొట్టం పెట్టి ముల్లుని సున్నాకి తేవాలి. మంచి నీళ్ళేవో మిషన్‌కి తెలీదు. మనం ఏది పెట్టి సున్నా అంటే దానికి అదే సున్నా.

గొట్టాలు కడిగే ఆవిడది సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద.

"తమ్ముడుగారూ, డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందండి. రేపు గాని రాదంట."

"బోరు నీళ్ళు పొయ్యక్కా. తేటగానే ఉన్నాయిగా."

"నోట్లో పోసుకుంటే తెలుస్తది తేట."

"మిషన్ తాగదులే."

నవ్వింది. పోసింది.

మా బోరు నీళ్ళలోనే అమ్మోనియా ఉంది. మందు వెయ్యగానే లేత పసుపు తిరిగాయి. చూశాను. చూసి కూడా సున్నా పెట్టేశాను. ఆ రంగు మేరకు ప్రతి చెరువుకీ తక్కువ చూపించింది. ఒక రైతుకి, నీళ్ళు మార్చక్కర్లేదండి అని రాసిచ్చాను. మూడో రోజు పొద్దున్నకి ఆయన రొయ్యలు గట్టు వెంట చచ్చిపడి ఉన్నాయి.

ఆయన మా ఓనరుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఓనరుగారు డిస్టిల్డ్ వాటర్ క్యాన్ మూత తీసి, ఒక చుక్క నాలిక మీద వేసుకున్నారు.

"ఉప్పగా ఉన్నాయి. ఇవి బోరు నీళ్ళు. ఎవరు పోశారు?"

"నేనేనండి," అందావిడ. నా వైపు చూసింది. నేను ముల్లు వైపు చూశాను.

"నీళ్ళకీ నీళ్ళకీ తేడా తెలీనిదానివి, ల్యాబ్‌లో నీకేం పనమ్మా? రేపట్నుంచి రావద్దు."

క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆవిడని వదల్లేదు. చుట్టుపక్కల ఏ ల్యాబ్‌లోనూ పనివ్వలేదు. నాకేమీ అనిపించలేదు. మర్నాడు గొట్టాలు నేనే కడుక్కున్నాను.

పన్నెండేళ్ళ తర్వాత మండపేట చేపల మార్కెట్లో కనిపించింది. కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది. పక్కన కూర్చుని, ఆ రోజు తప్పు నాదేనని మెల్లగా చెప్పాను. చెయ్యి ఆపలేదు.

"నన్నన్నది నలుగురిలో కదండీ, తమ్ముడుగారూ. ఇప్పుడు గుసగుసలెందుకు?"

లేచి నిలబడ్డాను. పక్క బల్లలవాళ్ళు, బేరాలాడేవాళ్ళు చూస్తున్నారు.

"డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఈ అక్క ముందే చెప్పింది. బోరు నీళ్ళు పొయ్యమన్నది నేను. అడిగినప్పుడు నోరు మెదపలేదు. తేడా తెలీనిది తనకి కాదు. తప్పు నాది. క్షమించక్కా."