గిర్ని తారాబాయి లెక్క

కొత్వాల్‌గూడలో పిండి గిర్ని నడిపే తారాబాయికి కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. గొంతు పెద్దది, నెత్తిమీదుగా విమానం పోతున్నా ఆమె మాట అవతలి వీధికి వినిపిస్తుంది. జారే పిండిని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తుంది, డబ్బా మూత చూసి ఎవరిదో చెప్పేస్తుంది. ఎవరి సంసారం ఎట్లా ఉందో ఆ డబ్బాలే ఆమెకు చెబుతాయి. మొన్న పేదరికం సర్వేకని మాధవీలత అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకొని వచ్చింది. జొన్నరొట్టె తినే ఇల్లు పేదదని, గోధుమరొట్టె తినేది కాస్త నయమని అందులో ఉన్న గడులు చదివి వినిపించింది. అది వినగానే తారాబాయి చప్పట్లు కొట్టి గిర్ని ఆపేసింది. “అయ్యో బిడ్డా, గది మా అమ్మ కాలం ముచ్చట! ఇప్పుడు జొన్నలు తెచ్చేది మేడలోళ్ళు, షుగరున్నోళ్ళు. కూలికి పోయేటోళ్ళు రేషన్ బియ్యమే తెస్తరు. రా, సూపిస్త!” అమ్మాయి చెయ్యి పట్టుకొని దాదాపు పరుగెత్తించింది. జొన్నల ఇంటి ముందు రెండు కార్లు. రేషన్ బియ్యం పట్టించుకునే, విమానాశ్రయంలో ఊడ్చే డోర్కాస్ ఇంటి గుమ్మానికి తలుపు బదులు పాత చీర. మాధవీలతకూ హుషారొచ్చి, రాసినవన్నీ చెరిపి మళ్ళీ రాసింది. తిరిగొచ్చాక ఆయాసపడుతూనే అడిగింది: “మరి మీ ఇంట్లో ఏ రొట్టె అక్కా?” తారాబాయి గిర్ని మూత తీసి, రాయికి అంటుకున్న పిండిని చిన్న చీపురుతో పళ్ళెంలోకి ఊడ్చింది. “అందరి డబ్బాలు పోయినంక మిగిలేది ఇదే. జొన్న, గోధుమ, బియ్యం, అన్నీ ఉంటయి. ఇగ రాస్కో! నా రొట్టెకు నీ ట్యాబ్‌ల గడి ఉన్నదా?”