మావయ్య కోసం ఎక్కిన స్కేట్‌బోర్డు

ఇప్పుడంటే మెట్లెక్కడానికి కూడా గోడ పట్టుకుంటున్నాను గానీ, కువైట్‌లో ఉన్న ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదు. (తెలివంటే ఏమిటో కూడా తెలియదని మా పిన్ని అంటుంది. కాదనలేను.) సులైబియా గోడౌన్‌లో పెట్టెలు మోసే పని, ఖైతాన్‌లో మావయ్యతో కలిసి ఒక గది. వీసా తీయించి నన్ను అక్కడికి తీసుకెళ్లింది ఆయనే. మా కోనసీమలో మావయ్య కబుర్లు మొదలుపెడితే పక్క వీధివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. అలాంటి మనిషి ఆ వేసవిలో ఉన్నట్టుండి మాట మానేశాడు. డ్యూటీకి వెళ్లడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. అత్త ఫోన్ చేస్తే ఎత్తడు. అన్నం కెలికి వదిలేస్తాడు. అడిగితే "ఏం లేదెహె" అంటాడు. పక్కగదివాళ్లు "వేడి చేసుంటది, మజ్జిగ పట్టు" అన్నారు. పట్టాను. మజ్జిగ అయిపోయింది గానీ మావయ్య నోరు విప్పలేదు. ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు దడ పట్టుకుంది.

మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనిచేసే పిన్నికి ఈ గోడు చెప్పుకున్నాను. మావయ్య ఆవిడకి సొంత అన్నయ్య. "నాతోనూ మాటాడట్లేదురా," అని కళ్లొత్తుకుని, అంతలోనే ఉత్సాహంగా లేచింది. "మా మామా కొడుకున్నాడు చూడు (మామా అంటే ఆ ఇంటి యజమానురాలు), ఆడూ ఆడి ఫ్రెండ్సూ చక్రాల చెక్కలెక్కి, మనసు బాగోపోతే దాచుకోకండి, చెప్పుకోండి అని చొక్కాల మీద రాసుకుని తిరిగారంట. జనం ఆగి మరీ మాటాడారంట!" ఆ అబ్బాయి పాత స్కేట్‌బోర్డు కూడా అడిగి తెచ్చిపెట్టింది. అరబ్బు పిల్లలు చేయగలిగింది గోదారి నీళ్లు తాగినవాణ్ణి నేను చేయలేనా అనుకున్నాను.

అక్కడ మాకు శుక్రవారమే ఆదివారం. చర్చి ప్రార్థన అయ్యాక తెలుగువాళ్లంతా మా బిల్డింగ్ ముందు నిలబడి ఊళ్ల కబుర్లు చెప్పుకునేవారు. పిన్ని మావయ్యని కూడా బలవంతాన లాక్కొచ్చింది. నేను వీపుకి అట్టముక్క కట్టుకుని, దానిమీద పెద్ద అక్షరాలతో ఆ మాటే రాసుకుని, బోర్డెక్కాను. కాసేపు రాజాలా వెళ్లాను. తరువాత బోర్డు ఒక దారి, నేను ఒక దారి. వెల్లకిలా పడేసరికి అట్ట నా కిందే ఉండిపోయింది, ఒక్కరూ చదవలేదు. కష్టమంతా వృథా అయిపోతోందన్న కంగారులో పడుకునే అరిచాను: "మనసు బాగోపోతే చెప్పుకోవాలండీ! దాచుకోకూడదండీ!"

"అయ్యో నా తండ్రీ! ఎండకి కుర్రోడికి మతి పోయింది!" అన్నారు మా ప్రార్థన పెద్దయ్య. మరుక్షణం ప్రార్థన మొదలు, నా తల మీద పాతిక చేతులు. (నడ్డి మీద పెట్టినా బాగుండేది, దెబ్బ తగిలింది అక్కడ.)

గల్ఫ్‌లో ఒకరికి బాగోలేదంటే బిల్డింగ్ అంతా చుట్టమే. అక్కడ పులసలు దొరకవు గానీ, నాకు చేపల పులుసులు మాత్రం గదికొకటి వచ్చాయి. తెచ్చినవాళ్లు ఊరికే పోతారా? మంచం మీద కూర్చుని నన్ను ఓదార్చేవారు. "నీకొక్కడికే అనుకోకబ్బాయ్. నాకూ ఏడుపొత్తది. కుళాయి తిప్పేసి ఏడుత్తాను," అన్నాడు పెద్ద మీసాల ట్రక్కు డ్రైవర్. నేను బుద్ధిగా పులుసన్నం తింటూ తలూపాను. ఆ మాటలన్నీ మావయ్య గోడవైపు తిరిగే విన్నాడు.

ఒక సాయంత్రం ఆయన ఇటు తిరిగాడు. "నీకూ మొదలైందేంట్రా? నాకు పొద్దున్నే లెగాలంటేనే ఏడుపొత్తందిరా. ఏదీ వద్దనిపిత్తంది. నువ్వు నాలాగా అవ్వకూడదురా. మా అక్కకేం చెప్పుకోను? రేపు డాక్టర్ దగ్గరికి పోదాం, యల్లా, పద!" అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు విని ఎన్నాళ్లయిందో! సంతోషం పట్టలేక సరేనన్నాను.

ఆసుపత్రిలో తెలుగు నర్సమ్మ, "ఎవరికండీ బాగోలేదు?" అంది. నేను మావయ్యని చూపించాను. మావయ్య నన్ను చూపించాడు. ఆవిడ నవ్వాపుకుంటూ మళ్లీ అడిగింది. మావయ్య చెయ్యి దించేసి మెల్లగా, "ఇద్దరికీనమ్మా," అన్నాడు. "నాకు శానా నాళ్లబట్టి. ఈడు నిద్దట్లో అమ్మా అమ్మా అని ఏడుత్తన్నాడు. ఆ సంగతి ఈడికి తెలీదు."

నిజంగానే తెలియదు. అక్కడే నిలబడి భోరుమన్నాను. వైద్యంతో మావయ్య మెల్లగా మనిషయ్యాడు, ఇప్పుడు ఫోన్ చేస్తే పెట్టనివ్వడు. ఖైతాన్ మొత్తానికి మనసు సంగతి చెప్పేద్దామని బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పాపం, పక్కన కూర్చోబెట్టుకుని వాడికి ఇంత అన్నం కలిపి పెట్టాలనీ అనిపిస్తుంది.