గుండు, బద్ద, ముక్క

మా అమ్మ చేత ఒక్క పుస్తకమైనా పట్టించాలి. మొన్న విశాఖ వెళ్లేటప్పుడు నా పంతం ఇదే.

అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత అంతా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీయే. గింజలు కొట్టడం, పప్పుని గుండు, బద్ద, ముక్క అని వేరుచేసి ఏరడం. జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయి ఉండేవి. నా నోటుబుక్కుకి ఎక్కడ మరక అంటుతుందోనని ఆమడ దూరంలో కూర్చుని, "తిప్పే, ఇంకో పేజీ తిప్పు" అనేది. పని మానేసి రెండేళ్లయింది. చేతులు తెల్లబడ్డాయి గానీ భయం వదల్లేదు. ఆ భయాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

మా ఊరు పూండిలో పొద్దున్నే రైలెక్కాం. విశాఖలో నాకిష్టమైన చోటొకటి ఉంది. కింద చిత్రకళా కేంద్రం, మేడ మీద పుస్తకాల కొట్టు. కింద గోడకి 'బొమ్మలు ముట్టుకోరాదు' అని బోర్డు ఉంది. అది కూడబలుక్కుని చదివి అమ్మ తెగ సంబరపడిపోయింది.

"అందరికీ ఒకటే రూలే ఇక్కడ!"

చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన ఆఫీసరులా ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. సముద్రం బొమ్మ ముందు మాత్రం మూతి తిప్పింది. "ఏటే ఇది? తెప్పని అలకి అడ్డంగా ఎట్టేత్తారేటి? బోల్తా కొట్టదూ?" పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మేడ మీద, తలుపు పక్కనే ఒక బల్ల నిండా పాత పుస్తకాలు కుప్పగా పోసి ఉన్నాయి. అమ్మను అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టి నేను లోపలి అరల్లో పడ్డాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద మూడు కుప్పలు! అమ్మ చేతులు చకచకా ఆడుతున్నాయి. కొట్టాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. తిడతాడేమోనని గబగబా అటు నడిచాను.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడాయన.

అమ్మ ఉలిక్కిపడి చేతులు కొంగులో దాచేసుకుంది. "ఏరతన్నాను బాబూ. ఇవి గుండు, నలగనివి. ఇవి బద్ద, అట్ట ఊడినవి. ఇవి ముక్క, చినిగిపోయినవి. అన్నీ కలిపీసి ఎడితే గుండుకి కూడా విలువుండదు."

ఆయన పకపకా నవ్వాడు. "ఆపకండమ్మా, లోపల ఇంకో బల్లుంది!"

అప్పుడుగానీ అమ్మకి తెలియలేదు, తను ఏం ముట్టుకుందో. కొంగులోంచి చేతులు తీసి చూసుకుంది. ఒక పుస్తకం తెరిచి చూసింది. మరకల్లేవు. నాకు కళ్లు చెమర్చాయి, సంతోషంతోనే.

ముక్కల కుప్పలోంచి అట్ట లేని పిల్లల కథల పుస్తకం ఒకటి తీసింది.

"అది చిరిగిపోయిందమ్మా. కొత్తది కొంటాను."

"ముక్కైతే రుసి తగ్గిపోద్దేటే?"

డబ్బులిచ్చి అదే కొన్నాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టి, పైకే చదవడం మొదలుపెట్టింది. పేజీ తనే తిప్పింది. నౌపడా దాటింది. పూండి వస్తోంది. నేను సంచి అందుకోబోయాను.

"ఉండే, నక్క ఇంకా నూతిలోనే ఉంది" అంది, తలెత్తకుండానే.

సంచి మళ్లీ కింద పెట్టేశాను. పూండి వచ్చింది, వెళ్లిపోయింది. పలాసలో దిగి ఆటోలో వెనక్కి వచ్చాం.