కత్తెరమ్మ డేరా

కత్తెరమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపించినా ఆవిడ ఒప్పుకోదు, అది తోక అంటుంది. ఈ సంగతి వీధి మొత్తానికి తెలుసు. అందుకే ఆ వేసవిలో కుట్టు దుకాణానికి తాళం వేసి, కొడుకుల్నీ కోడళ్ళనీ మనవల్నీ ప్రభుత్వ అడవిలో సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళి, అందరినీ ఒకే డేరాలో పడుకోబెడతానని ఆవిడ ప్రకటిస్తే ఎవరూ నోరెత్తలేదు.

ఆవిడ అసలు పేరు దుకాణం బోర్డు మీద కూడా లేదు. మెడలో నల్లటి దారానికి చిన్న కత్తెర ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది కనుక కత్తెరమ్మ అయింది. స్నానానికి తప్ప ఆ కత్తెర మెడలోంచి దిగగా చూసినవాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో లారీల అడ్డా పక్కనున్న గోదాములో మొగుడూ పెళ్ళామూ కలిసి తార్పాలిన్లు కుట్టేవారు. ఆయన పోయాక ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు, లేదా ఏడుస్తూనే కుట్టిందేమో, ఎవరికీ కనపడనివ్వలేదు. ఒక్క మిషనుతో ఈ పొడుగాటి గదిలోకి దిగి, చొక్కాలూ బడిపిల్లల బట్టలూ కుట్టి, ఒకటిని నాలుగు మిషన్లు చేసింది. కొడుకులిద్దరూ మిషను చప్పుడుకే నిద్రపోయి, మిషను చప్పుడుకే లేచి పెరిగారు. ఇద్దరికీ పని ఆవిడే నేర్పింది. ఇద్దరూ మంచి పనివాళ్ళు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

గొడవ ఒక కాలరు దగ్గర మొదలైంది. చిన్నాడు కుట్టిన చొక్కా తొడుక్కుని చూసుకుంటున్న మనిషి ఎదురుగానే పెద్దాడు, "ఒక్క నిమిషం ఆగండి" అని చొక్కా విప్పించి, కాలరు కుట్లు ఊడదీసి మళ్ళీ కుట్టి ఇచ్చాడు. కుట్టుపనివాడికి అంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఇంకోటి ఉండదు. ఆ పూట నుంచి అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం. నెలలు గడిచినా ఒకరితో ఒకరికి మాటల్లేవు. చివరికి చిన్నాడు గులాబీరంగు మార్కింగు సుద్దతో దుకాణం నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీశాడు. పెద్దాడు దాన్ని చెరపలేదు సరికదా, గోడ కట్టడానికి మేస్త్రీని మాట్లాడాడు. సెలవులు అయిపోయిన సోమవారం మేస్త్రీ వస్తాడు.

గది నడుమ గోడ లేస్తే తన ప్రాణం నడుమ లేచినట్టేనని కత్తెరమ్మకి తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంతకాలం తనకి చేతనైనది మాత్రం చేస్తూ వచ్చింది. "అమ్మా, ఇస్త్రీపెట్టె ఇటు ఇమ్మని చెప్పు" అని చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న తమ్ముడి గురించి పెద్దాడు అంటే, ఆవిడ చిన్నాడి వైపు తిరిగి, "నాన్నా, అన్నయ్య ఇస్త్రీపెట్టె అడుగుతున్నాడు" అని కాస్త తీపి కలిపి చెప్పేది. "కావాలంటే తనే లేచి తీసుకోమను" అని చిన్నాడంటే, "తీసుకో నాన్నా, వాడి పని అయిపోయిందట" అని పెద్దాడికి చేరేది. నేను లేకపోతే ఈ కొంప ఎప్పుడో రెండు ముక్కలయ్యేది అని ఆవిడ తోటి ఆడవాళ్ళతో చెప్పుకునేది. గర్వంగానే చెప్పుకునేది.

డేరా ఆలోచన ఆవిడకి ఉన్నట్టుండి వచ్చింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ప్రతి వేసవిలోనూ వాళ్ళ నాన్న ఆ సరస్సు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. "ఒక్క కప్పు కింద పడుకుంటే మొహాలు చూసుకోక ఏం చేస్తారే? నేను చెప్తున్నాగా, మాట్లాడి తీరతారు" అంది పెద్దకోడలితో. అద్దె డేరాలు చిన్నవి, రెండు తీసుకోవాల్సి వస్తుంది. అందుకని నీళ్ళు దిగని గుడ్డ తెప్పించి, కత్తిరించి, కుట్టమని ఇద్దరి మధ్యా పడేసింది.

పొద్దున్న పెద్దాడు నడికుట్టు వేశాడు. డేరా రెండు సగాల్నీ కలిపే కుట్టు అది, పైనుంచి కింది దాకా వెళ్తుంది. మధ్యాహ్నం అన్న బయటికి వెళ్ళగానే చిన్నాడు వచ్చి కుట్టు లాగి చూసి, వదులుగా ఉందని గొణుక్కుని, దాని పక్కనే ఇంకో వరస వేశాడు. మర్నాడు పెద్దాడు ఆ వరస చూసి, నా కుట్టు మీద కుట్టా అని మూడో వరస వేశాడు. మాటలుంటే నోటితో తేలిపోయేది, మాటల్లేవు కనుక మిషనుతో తేల్చుకున్నారు.

సాయంత్రం మడత పెడుతూ కత్తెరమ్మ మూడు వరసలూ చూసింది. తార్పాలిన్లు కుట్టిన చేతులవి. "చొక్కాకి కుట్టు బలం, డేరాకి కుట్టే కన్నం" అని ఆయన ఎన్నిసార్లు అనేవాడో. సూది దిగిన ప్రతి చోటా నీళ్ళకి దారి ఇచ్చినట్టే. చెప్పాలంటే ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి, ఊడదీయమంటే ఎవడి వరస ఊడదీయాలన్నది మళ్ళీ కొత్త పంచాయితీ. మండువేసవిలో వాన ఎక్కడ ఏడ్చింది అనుకుని, చూసీ చూడనట్టు మూట కట్టేసింది.

సరస్సు దగ్గర మేకులు దిగగొట్టి, తాళ్ళు లాగి, డేరా నిలబెట్టేసరికి ఫారెస్టు గార్డు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంటమ్మా ఇది, డేరానా, సర్కస్సా? టికెట్లు ఎక్కడిస్తున్నారు?"

"మీకు టికెట్టెందుకు బాబూ, జంతువులన్నీ మావే, ఊరికే చూసిపోండి" అంది కత్తెరమ్మ.

చోటు బాగుంది. పొడుగాటి చెట్ల కింద ఒక్కో కుటుంబానికీ ఒక్కో జాగా, జాగాకో చెక్కబల్ల, మంట వేసుకోవడానికి రాళ్ళ చుట్టు. నీళ్ళు లోతులేని చోట పిల్లల కోసం తాడు కట్టి తేలే బంతులు గుచ్చారు. కొంచెం ఎగువన స్నానాల గదులు, వాటి ముందు వరండా. కోడళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళలా కలిసిపోయి బంగాళాదుంపలు కాలుస్తూ, మొగుళ్ళ మౌనవ్రతం మీద జోకులు వేసుకుంటున్నారు. వ్రతం మాత్రం చెదరలేదు. పెద్దాడు డేరాలో ఈ చివర పక్క పరిస్తే చిన్నాడు ఆ చివర పరిచాడు, సామాన్ల పెట్టె సరిగ్గా నడికుట్టు కింద పెట్టి. ఇక్కడా గోడే. పెద్దాడు పిల్లల్ని నీళ్ళలోకి దింపితే చిన్నాడు ఒడ్డున పడుకుని టోపీ మొహం మీదకి లాక్కున్నాడు. "అమ్మా, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టాడో అడుగు." "అమ్మా, వాడి కాలి కిందే ఉందని చెప్పు." కత్తెరమ్మ అటూ ఇటూ తిరుగుతూ తీపి కలుపుతూనే ఉంది. కుడికాలు లాగుతోంది. లోలోపల మొదటిసారి భయం వేసింది. తనతో తను వేసుకున్న పందెం ఓడిపోతానేమో అనుకుంది, వెంటనే ఆ ఆలోచనని కసిరి తరిమేసింది.

రెండో రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, సరస్సు అవతల కొండ మీద మబ్బు పట్టింది. పట్టడమేమిటి, కురవడమేమిటి, అంతా క్షణాల్లో అయిపోయింది. అందరూ డేరాలోకి పరిగెత్తారు. కాసేపు కప్పు మీద వాన దరువుకి పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాత చిన్నకోడలి మెడ మీద ఒక చుక్క పడింది. ఆ తర్వాత నడికుట్టు పొడుగునా చుక్కలు వరసకట్టి, చూస్తుండగా ధారలయ్యాయి. మిగతా గుడ్డ ఎక్కడా తడి లేదు, కుట్టు ఒక్కటే కారుతోంది.

కత్తెరమ్మ గుండీల దారానికి రాసే మైనం ముద్దని కుట్టుసంచీలోంచి తీసింది. కుట్టు మీద బయటినుంచి మైనం రుద్దితే కన్నాలు పూడతాయి. పెద్దాడు తువ్వాలూ మైనం పట్టుకుని వానలోకి ఉరికాడు. చిన్నాడు లోపల నిలబడి పైకి చూస్తున్నాడు. కత్తెరమ్మ గుమ్మంలో, సగం తడుస్తూ, సగం ఆరుతూ నిలబడింది.

"అమ్మా, ఎక్కడ ఎక్కువ కారుతోందో చెప్పమను!" అని బయట్నుంచి పెద్దాడు.

"కుడివైపు, మూర కింద అని చెప్పమ్మా!" అని లోపల్నుంచి చిన్నాడు.

"కుడివైపురా నాన్నా, మూర కింద!" అని ఆవిడ అరిచింది.

పెద్దాడు తన కుడివైపు రుద్దాడు. లోపల ధార అలాగే ఉంది. ఇంకా గట్టిగా చెప్పమన్నాడు చిన్నాడు, ఇంకా గట్టిగా చెప్పింది ఆవిడ, ఇంకా గట్టిగా రుద్దాడు పెద్దాడు. పక్కబట్టలు నానిపోయాయి. లోపలి కుడి బయటివాడికి ఎడమ అవుతుందని ఆవిడకి అప్పుడు తట్టింది. చొక్కా తిరగేస్తే కుడిచెయ్యి ఎడమవుతుందిరా అని ఆ ఇద్దరికీ చేతులు పట్టి నేర్పిన మనిషి!

"సరిగ్గా చెప్పవేంటమ్మా?" అని లోపల్నుంచి ఒకడు, "నీ మాట వింటే ఇంతే" అని బయట్నుంచి ఒకడు, ఇద్దరూ ఆవిడ మీదే విరుచుకుపడ్డారు. నెలల తర్వాత ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు, అదీ అమ్మని తిట్టడానికి.

కత్తెరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరూ మీరూ చావండి" అని, గొడుగు తీసి, మనవల్ని రెక్కల కింద పొదువుకుని స్నానాల గదుల వరండాకి వెళ్ళిపోయింది. కోడళ్ళు పొడి దుప్పట్లు పట్టుకుని వెనకే వచ్చారు.

వరండా బల్ల మీద కూర్చుని ఆవిడ కోపంగా చీర కొంగు పిండుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి కోసం అటూ ఇటూ తిరిగింది తను? వీళ్ళ మాటల్లో కారం తీసి తీపి కలిపి మోసింది ఎవరు? అలా అనుకుంటూ అనుకుంటూ ఒక చోట ఆగిపోయింది. తను మోస్తుండబట్టే వాళ్ళకి మాట్లాడుకునే అవసరం రాలేదు. తిట్టుకునే అవసరం కూడా రాలేదు. మేస్త్రీ వచ్చేది సోమవారం, కానీ తను ఎప్పుడో గోడై ఇద్దరి మధ్యా నిలబడింది. ఆ మాట మింగుడుపడటానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

తల ఎత్తి చూస్తే డేరా కనిపించింది. వదులు గుడ్డ మీద మైనం అంటుకోవడం లేదు. పెద్దాడు రుద్దితే గుడ్డ లోపలికి పోతోంది. కాసేపటికి లోపల్నుంచి ఒక అరచెయ్యి గుడ్డని బయటికి నెట్టింది. పెద్దాడు ఒక్క క్షణం ఆ చేతి ఆకారం వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాని మీద తన చెయ్యి ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు.

"కిందికి!" అని లోపలి గొంతు. ఆగి, "ఇంకా కిందికి అన్నయ్యా!"

"ఎక్కడరా?"

"నా చెయ్యెక్కడుంటే అక్కడ!"

కత్తెరమ్మ పక్కనున్న పెద్దకోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ధార చుక్కలయింది. చుక్కలు తగ్గాక అసలు వాన మొదలైంది.

"అసలు ఈ మూడో వరస ఎవడేశాడు?"

"రెండోది నువ్వెందుకు వేశావు? నాది వదులా? నాది వదులా అని అడుగుతున్నా!"

"వదులే! ఆ రోజు నా కాలరు వదులని అందరి ముందూ ఊడదీశావు కదా, మరి ఇదేంటి?"

అటూ ఇటూ డేరాల్లోని కుటుంబాలు తొంగి చూస్తున్నాయి. ఫారెస్టు గార్డు తలమీద సంచీ కప్పుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీవాళ్ళు కొట్టుకునేలా ఉన్నారు, వచ్చి ఆపండి!"

"ఆపకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను" అంది కత్తెరమ్మ. "ఈ గొడవ కోసం ఎన్ని నెలల్నుంచి కాచుకున్నానో నాకే తెలుసు."

వాన నెమ్మదించింది. గొంతులూ నెమ్మదించాయి. చిన్నాడు డేరా బయటికి వచ్చి అన్న ఎదురుగా నిలబడ్డాడు. "నన్ను పక్కకి పిలిచి చెప్పుంటే నేనే ఊడదీసేవాణ్ణి కదా" అన్నాడు. పెద్దాడు చేతిలో మిగిలిన మైనం ముక్కని అటూ ఇటూ తిప్పాడు. "పిలవాల్సింది" అన్నాడు. అంతే అన్నాడు. కత్తెరమ్మకి అది చాలు, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇంతా చేస్తే మేస్త్రీని రావద్దని చెప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. గుర్తుచేద్దామని కత్తెరమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళ బిగువున ఆపుకుంది. సోమవారం పొద్దున్నే మేస్త్రీ తాపీ, లెవెలు గొట్టం పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. నేల కనపడటం లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి డేరా పరిచి ఉంది. దానికి అటొకడు ఇటొకడు గొంతుక్కూర్చుని నడికుట్టు ఊడదీస్తున్నారు. ఏ వరస ఉంచాలన్న దాని మీద ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

"గీత ఉందన్నారు, ఎక్కడమ్మా? గోడ ఎక్కడ లేపమంటారు?" అన్నాడు మేస్త్రీ, అందరిలాగే కత్తెరమ్మ వైపు తిరిగి.

ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. "నన్నడక్కు నాయనా. వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారుగా, వాళ్ళనే అడుగు."

పెద్దాడు తల ఎత్తకుండానే, "ఏరా, ఏం చెప్పమంటావు?" అన్నాడు.

చిన్నాడు ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ మేస్త్రీ వైపు చూడలేదు, అన్న వైపే చూశాడు. "గోడొస్తే ఇంత డేరా ఎక్కడ పరుచుకుంటాం అన్నయ్యా?"

మేస్త్రీ తాపీ సంచీలో పెట్టుకున్నాడు. కత్తెరమ్మ మెడలోంచి నల్లదారం తీసి, చిన్న కత్తెరని ఇద్దరి మధ్యా డేరా మీద పెట్టి, అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.